రేకుల కప్పు కింద హార్డ్ డిస్కులు: 53 డిగ్రీలు చూపిస్తే పని ఆపేయాలా?

ఏనుమాముల_ఫొటో | మే 17, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఏనుమాముల మార్కెట్టుకు దగ్గర్లో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే వెనక గదికి పైన సిమెంటు రేకులే. ఏసీ లేదు. కూలర్ ముందు గదిలో ఉంది. తేమ తగిలితే కంప్యూటర్ పాడవుతుందని ఎడిటింగ్ గది తలుపు మూసే ఉంచుతాము. కంప్యూటర్‌లో సిస్టం నడిచే, తిరిగే భాగాలు లేని ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి, 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు ఉన్నాయి. ఇవి కాక పార్టీలకు ఇవ్వడానికి, బయట తగిలించే చిన్న డిస్కులు మూడు వాడుతున్నాను.

నిన్న మధ్యాహ్నం మూడింటికి, డిస్కుల ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి చూస్తే పై అరలోని హార్డ్ డిస్కు 53, కింది అరలోనిది 49 డిగ్రీలు చూపించాయి. 53 ఉన్నదాని అంకె పసుపు రంగులోకి మారింది. బయటి డిస్కులోకి ఒక పెళ్ళి తాలూకు 600 జీబీ కాపీ పెడితే గంట తిరిగేసరికి 58కి చేరింది, చేత్తో పట్టుకోలేకపోయాను. తయారీదారు పత్రంలో 60 వరకు పరవాలేదని రాసి ఉంది. ఇంటర్నెట్‌లో మాత్రం 40 దాటితే డిస్కు ఆయువు సగమైపోతుందని ఒకరు, 50 వరకు చింత లేదని మరొకరు రాశారు. మా గదిలోనే 41 ఉన్నప్పుడు డిస్కును 40 లోపల ఉంచడం ఎలాగో నాకు అర్థం కావడం లేదు. ఇంకా రోహిణి కార్తె రానే లేదు. నెలాఖరులోగా అప్పగించాల్సిన పెళ్ళిళ్ళు పదకొండు ఉన్నాయి. ఏ అంకె దగ్గర పని ఆపాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

చల్లగాలి | మే 17, రాత్రి 10:15

క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టండి. నేను మూడేళ్ళుగా అలాగే నడుపుతున్నాను. 45 దాటితే మాత్రం మెషీన్ ఆపేయడమే మంచిది.

సర్వర్‌గది_కాజీపేట | మే 17, రాత్రి 11:30

ఏనుమాముల గారూ, ముందు ఆ 60 అన్న అంకె దేనిదో స్పష్టం చేసుకుందాం. మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులకు తయారీదారులు 0 నుంచి 60 డిగ్రీలని, నాస్ పెట్టెల (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే నిల్వ పెట్టెల) కోసం చేసిన వాటిలో చాలావాటికి 65 దాకా అని రాస్తారు. అది గది వేడి కాదు, డిస్కు ఒంటి వేడి. కాబట్టి 53 అంటే మీరు హద్దు దాటలేదు, హద్దుకు ఏడు డిగ్రీల దూరంలో ఉన్నారు. అయితే రోహిణి కార్తెలో మీ గది 45కు చేరితే ఆ ఏడులో నాలుగు అక్కడే ఖర్చయిపోతాయి. నేను ఆలోచించే పద్ధతి ఇది: డిస్కు 53లో ఉందా 49లో ఉందా అన్నదాని కంటే, గది కంటే ఎంత ఎక్కువలో ఉందన్నది ముఖ్యం. గది వేడి మన చేతిలో లేదు. గదికీ డిస్కుకూ మధ్య ఉన్న తేడా మన చేతిలో ఉంది.

తిరిగే 3.5 అంగుళాల డిస్కు పని చేసేటప్పుడు ఖర్చు చేసే విద్యుత్తు 5 నుంచి 8 వాట్లు మాత్రమే. రాత్రి వేసుకునే చిన్న బల్బంత. ఆ కాస్త వేడిని మోసుకుపోవడానికి పెద్ద గాలి అవసరం లేదు, మెల్లగా కదిలే గాలి చాలు. కానీ అసలు కదలకుండా నిలిచిపోయిన గాలిలో అదే డిస్కు గది కంటే 15, 20 డిగ్రీలు పైకి పోతుంది. అందుకని మీరు ఒక పని చేయండి. రేపు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, గది ఉష్ణోగ్రతనూ రెండు డిస్కుల అంకెలనూ ఒకే సమయంలో కాగితం మీద రాసుకోండి. గోడకు తగిలించే వంద రూపాయల థర్మామీటర్ అయినా సరిపోతుంది, కానీ దాన్ని క్యాబినెట్ వెనక వేడి గాలి వచ్చేచోట పెట్టవద్దు.

చల్లగాలి గారూ, పక్క రేకు తీయడం అన్ని క్యాబినెట్లకూ కలిసిరాదు. ముందు నుంచి గాలి లోపలికి, వెనక నుంచి బయటికి పోయేలా కట్టిన క్యాబినెట్‌లో పక్కన తెరిచిపెడితే, డిస్కుల మీదుగా పోవలసిన గాలి దగ్గరి దారి చూసుకుంటుంది. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా ఉన్నంతసేపు చల్లగానే ఉంటుంది. దాంతోపాటు దుమ్మూ లోపలికి వస్తుంది.

ఓరుగల్లు_కుర్రాడు | మే 18, ఉదయం 7:05

బయటి డిస్కును ఒక ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెట్టి తీసి కాపీ చేసుకుంటే సరిపోతుంది కదా? చచ్చిపోయిన డిస్కును ఫ్రీజర్‌లో పెట్టి బతికించుకున్నట్టు ఒక వీడియోలో చూశాను.

మరమ్మతు_బల్ల | మే 18, ఉదయం 9:20

బాబూ, ఆ పని చేయకు. హనుమకొండలో నాకు చిన్న రిపేరు దుకాణం ఉంది, ఫ్రీజర్‌లో పెట్టి తెచ్చిన డిస్కులు నా బల్ల మీదికి వచ్చాయి. ఫ్రిజ్ నుంచి తీసిన స్టీలు గ్లాసు మీద నిమిషంలో చెమట పడుతుంది కదా, ఆ చెమటే డిస్కు సర్క్యూట్ బోర్డు మీదా పడుతుంది. హీలియం నింపి సీలు చేసినవి తప్ప మిగతా హార్డ్ డిస్కులన్నిటికీ గాలి పీల్చుకునే చిన్న రంధ్రం ఉంటుంది, లోపల దానికి వడపోత గుడ్డ ఉంటుంది. తేమ దాని గుండా లోపలికీ పోతుంది. చదివే హెడ్డు పళ్ళెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. అక్కడ నీటి పొర ఏర్పడితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. తయారీదారులు గంటకు 20 డిగ్రీలకు మించి ఉష్ణోగ్రత మారనివ్వవద్దని రాసేది కూడా ఇందుకే. నువ్వు పది నిమిషాల్లో 30 డిగ్రీలు మారుద్దామంటున్నావు.

ఇదే లెక్క బండి డిక్కీకి కూడా వర్తిస్తుంది. ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీలో డిస్కు పెట్టుకొని వచ్చి, దుకాణంలో దిగగానే తగిలించేవాళ్ళను రోజూ చూస్తాను. నడవని డిస్కు నడిచే డిస్కు కంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, లోపల పెట్టే రకాలకు 70 దాకా అని రాస్తారు. కానీ కాలిపోతున్నదాన్ని అప్పటికప్పుడు తిప్పవద్దు. అరగంట, ముప్పావుగంట బల్ల మీద పెట్టి, గది వేడికి దిగిన తరువాత తగిలించండి.

స్టూడియో గారికి ఒక ప్రశ్న. ఉష్ణోగ్రత ఒక్కటే చూశారా, దాని కింద ఉన్న వరుసలు కూడా చూశారా? స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే) జాబితాలో 5, 197, 198 నంబర్ల ఎదురుగా ఉన్న విలువలు రెండు డిస్కులవీ ఇక్కడ రాయండి. 199 కూడా ఉంటే రాయండి, అది ఎక్కువగా కేబుల్ గొడవ.

ఏనుమాముల_ఫొటో | మే 19, రాత్రి 8:40

కాజీపేట గారు చెప్పినట్టే రాసుకున్నాను. ఈ రోజు తెల్లవారుజామున అయిదున్నరకు గది 31, పై డిస్కు 43, కింది డిస్కు 39. మధ్యాహ్నం మూడింటికి గది 41, పై డిస్కు 53, కింది డిస్కు 49. రెండుసార్లూ పైదానికి తేడా 12, కిందిదానికి 8. పదేపదే కూడి తీసివేసి చూశాను, అంతే వచ్చింది. ఇన్ని రోజులూ మధ్యాహ్నం మాత్రమే చూసి, డిస్కుకు జబ్బు చేసిందనుకున్నాను.

తరువాత మెషీన్ ఆపి ముందు మూత లాగాను. ఫ్యాన్ ముందుండే జల్లెడ కనిపించలేదు. దాని మీద పత్తి నూగు దూది పక్కలాగా మందంగా పేరుకొని ఉంది, గోటితో ఒక అంచు పట్టుకొని లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడివచ్చింది. మార్కెట్టుకు పత్తి వచ్చే నెలల్లో మా వీధిలో ఆరేసిన బట్టల మీద కూడా నూగు పడుతుంది, కంప్యూటర్ సంగతి మాకెవరికీ తట్టలేదు. పైగా ఆ ఫ్యాన్ తీగ ఎక్కడా తగిలించి లేదు, కొన్నప్పటి నుంచీ అది తిరగలేదన్నమాట.

మరమ్మతు బల్ల గారు అడిగిన వివరాలు: పై డిస్కుకు 5, 197, 198 మూడూ సున్నా. కింది డిస్కుకు 5 సున్నా, 197 ఎదురుగా 8, 198 ఎదురుగా కూడా 8 ఉంది. 199 రెండింటికీ సున్నా. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో కింది డిస్కు పెట్టె కూడా పసుపు రంగులోనే ఉంది, కానీ నేను వేడి వల్లే అనుకున్నాను.

మరమ్మతు_బల్ల | మే 19, రాత్రి 8:55

వేడి సంగతి తరువాత మాట్లాడుకుందాం. కింది డిస్కులో ఉన్నదంతా ముందు ఇంకొకదానిలోకి తీయండి, ఈ రాత్రే. 197 అంటే డిస్కు చదవలేకపోయి, ఏం చేయాలో తేల్చకుండా పక్కన పెట్టిన సెక్టార్లు, అంటే సమాచారం రాసుకునే చిన్న చిన్న గళ్ళు. ఎడిటింగ్ చేయవద్దు, ఎర్రర్ చెకింగ్ పెట్టవద్దు, ఖాళీ చేయడానికి పాతవి చెరపవద్దు. తిరిగి దొరకని పెళ్ళిళ్ళు ముందు, పాటలూ టెంప్లేట్లూ చివర. ఒక ఫైలు దగ్గర కాపీ ఆగిపోతే దాన్ని వదిలేసి మిగతావి ముందుకు పోనివ్వండి. ఆ ఒక్కదాని కోసం మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి డిస్కును అలసిపోనివ్వకండి.

చల్లగాలి | మే 19, రాత్రి 9:30

నాకు అర్థం కానిది ఒకటి ఉంది. 53లో ఉన్న డిస్కు శుభ్రంగా ఉంది, 49లో ఉన్నది పాడవుతోంది. అలాంటప్పుడు ఈ ఉష్ణోగ్రతల చర్చ అంతా దేనికి?

సర్వర్‌గది_కాజీపేట | మే 19, రాత్రి 11:50

చల్లగాలి గారి ప్రశ్న న్యాయమైనదే. దీని మీద పెద్ద ఎత్తున లెక్కలు తీసినవారు ఉన్నారు. గూగుల్ ఇంజినీర్లు 2007లో తమ దగ్గరి లక్షకు పైగా డిస్కుల సమాచారాన్ని విశ్లేషించి ఒక పత్రం వెలువరించారు. వేడి పెరిగేకొద్దీ డిస్కులు ఎక్కువగా చెడిపోతాయనే అప్పటి నమ్మకానికి అందులో ఆధారం దొరకలేదు. పైగా బాగా చల్లగా ఉన్న డిస్కులే ఎక్కువగా పోయినట్టు తేలింది. వేడి ప్రభావం స్పష్టంగా కనిపించింది మూడేళ్ళు దాటిన డిస్కుల్లో, అదీ 45కు పైన ఉన్నవాటిలో. బ్యాక్‌బ్లేజ్ అనే ఆన్‌లైన్ బ్యాకప్ సంస్థ 2014లో తన డిస్కుల లెక్కలు చూసుకొని, దాదాపు అన్ని మోడళ్ళలోనూ వేడికీ చెడిపోవడానికీ సంబంధం కనిపించలేదని రాసింది.

అయితే ఈ పత్రాలను వరంగల్లు రేకుల గదిలో కూర్చొని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అవి గాలి, చల్లదనం లెక్క ప్రకారం నడిచే డేటా సెంటర్ల డిస్కులు. వాటిలో అత్యధికం 50 ముఖం చూడనివే. 30కీ 40కీ తేడా లేదని తేలినంత మాత్రాన 50కీ 60కీ తేడా లేదని అర్థం కాదు. తిరిగే ఇరుసు చుట్టూ నూనె పొర ఉంటుంది, వేడికి అది పలచబడుతుంది. లోహం సాగుతుంది, సాగినప్పుడల్లా హెడ్డు తన దారిని సరిచూసుకోవాలి. బోర్డు మీది చిప్పులు వేడికి త్వరగా ముసలివవుతాయి. ఇవేవీ రాత్రికి రాత్రి జరిగేవి కావు కాబట్టి, 53 చూడగానే పరుగెత్తి స్విచ్ తీయాల్సిన పని లేదు.

టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో చెప్పిన ఇంకొక మాట మన ఊళ్ళకు బాగా దగ్గరగా ఉంది. చదవలేని సెక్టార్లు ఏర్పడడంలో సగటు వేడి కంటే వేడిలోని హెచ్చుతగ్గుల ప్రభావమే ఎక్కువగా, నిలకడగా కనిపించిందని వారి పత్రం సారాంశం. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయి, డిస్కు 53 నుంచి గది వేడికి దిగి మళ్ళీ ఎక్కే యంత్రం కంటే, రోజంతా 48లో నిలకడగా తిరిగే యంత్రమే నయమని నేను అనుకుంటాను.

ఇక 197 సంగతి. ఆ గూగుల్ పత్రంలోనే నాకు గుర్తుండిపోయిన అంకెలు రెండు ఉన్నాయి. డిస్కు తనను తాను తనిఖీ చేసుకునేటప్పుడు మొదటి తప్పు దొరికిన తరువాత 60 రోజుల్లోగా అది పోయే అవకాశం, తప్పులేని డిస్కు కంటే 39 రెట్లు ఎక్కువ. అలాగని సున్నాలు చూసి నిశ్చింతగా పడుకునే వీలూ లేదు: పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, వారు గట్టివని తేల్చిన నాలుగు సూచికల్లో ఒక్కటి కూడా ముందుగా కదలలేదు. మీ పై డిస్కు సున్నాలకూ ఇది వర్తిస్తుంది.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్ | మే 20, ఉదయం 6:30

మాది ఎండకు పేరుపడిన ఊరు కాబట్టి నేనూ ఒక మాట. అందరూ హార్డ్ డిస్కుల గురించే రాశారు, ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. ఎన్‌వీఎంఈ రకం 70 డిగ్రీల వరకు పనిచేస్తుందని రాస్తారు. వీడియో రెండర్ చేసేటప్పుడు 70 దాటబోతే అది తనంతట తానే వేగం తగ్గించుకొని ప్రాణం కాపాడుకుంటుంది. మీకు ఎడిటింగ్ మధ్యాహ్నం మందగించి రాత్రి చురుగ్గా ఉంటే కారణం అదే కావచ్చు. మదర్‌బోర్డుతో వచ్చిన అల్యూమినియం పట్టీని చాలామంది పెట్టెలోనే వదిలేస్తారు, అది తగిలించండి. దాని కింద ఉన్న ప్లాస్టిక్ పొర తీయడం మరవకండి.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి, బీరువాలో పెట్టే ఎస్‌ఎస్‌డీ గురించి. ఇందులో సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది, కరెంటు లేకుండా వేడిగా ఉంటే అది మెల్లగా కారిపోతుంది. చిప్పుల పరిశ్రమ సంఘం జెడెక్ ప్రమాణం ప్రకారం మామూలు వాడకపు ఎస్‌ఎస్‌డీ, తన రాత ఆయువు (ఎంత డేటా రాయవచ్చో ఆ హద్దు) మొత్తం పూర్తయిన తరువాత కూడా, 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఒక ఏడాది సమాచారాన్ని నిలుపుకోవాలి. కొత్తదానిలో ఇంతకంటే చాలా ఎక్కువ కాలమే ఉంటుంది. కానీ ఆ లెక్కలోని 30 డిగ్రీలు మన దగ్గర మేలో తెల్లవారుజామున కూడా దొరకవు. ఇల్లు తాళం వేసి నెలల తరబడి ఊరికి పోయేవాళ్ళు, పాత ఎస్‌ఎస్‌డీలో పిల్లల ఫొటోలు ఒక్క ప్రతిగా దాచి బీరువాలో పెట్టకూడదు.

జగిత్యాల_కిరాణం | మే 20, మధ్యాహ్నం 1:10

మధ్యలో వచ్చినందుకు మన్నించండి. మా కొట్టులో సీసీ కెమెరాల డీవీఆర్ పెట్టెను గల్లా కింద చెక్క అరలో పెట్టి తాళం వేశాము. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం పూట రికార్డింగులో మధ్యమధ్య ఖాళీలు వస్తున్నాయి. అది కూడా వేడి వల్లేనా?

మరమ్మతు_బల్ల | మే 20, మధ్యాహ్నం 2:00

కావచ్చు. డీవీఆర్‌లోని డిస్కు రాత్రీ పగలూ రాస్తూనే ఉంటుంది, దానికి విశ్రాంతి లేదు. దాని మెనూలో డిస్కు స్థితి చూపించే పేజీ ఉంటే ఉష్ణోగ్రత అక్కడే కనిపిస్తుంది. ముందు ఆ చెక్క అర వెనక పలకకు పైన ఒకటి, కింద ఒకటి అరచేయి పట్టేంత రంధ్రాలు కోయించండి, తలుపుకు జాలీ పెట్టించండి. తాళం అలాగే ఉంటుంది, గాలి ఆడుతుంది. లోపల డెస్క్‌టాప్ డిస్కు వేసి ఇచ్చి ఉంటే, మార్చేటప్పుడు నిఘా కెమెరాల కోసమే చేసిన రకం అడిగి వేయించుకోండి.

సర్వర్‌గది_కాజీపేట | మే 20, సాయంత్రం 6:45

ఏనుమాముల గారి తలుపు గురించి ఒక మాట మిగిలిపోయింది. కూలర్ గాలి తేమగా ఉంటుందన్నది నిజమే, కానీ తేమ నీరుగా మారేది తనకంటే చల్లగా ఉన్న వస్తువు మీద. నడుస్తున్న డిస్కు కూలర్ గాలి కంటే ఎప్పుడూ వేడిగానే ఉంటుంది కాబట్టి దాని మీద చెమట పట్టదు. తయారీదారులు కూడా నీరు పట్టనంతవరకు 90, 95 శాతం తేమ దాకా అనుమతిస్తారు. భయపడాల్సింది తుంపరకు. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, కూలర్ గడ్డి మీద తెల్లగా కట్టేది అదే. తుంపర నేరుగా పడితే బోర్డు మీదా అదే కడుతుంది. కాబట్టి కూలర్‌కు ఎదురుగా కంప్యూటర్ పెట్టకండి, తలుపు మాత్రం తెరవండి, వెనక కిటికీ కూడా కొంచెం తెరిచి ఉంచండి. గాలి బయటికి పోయే దారి లేకపోతే కూలర్ గది ఉక్కపోస్తుంది తప్ప చల్లబడదు.

ఏనుమాముల_ఫొటో | మే 23, రాత్రి 10:20

కాపీ ఆ రాత్రే మొదలుపెట్టాను. 2.3 టీబీ తీయడానికి ఆరున్నర గంటలు పట్టింది. నిద్ర పట్టక పక్కనే చాప వేసుకొని పడుకున్నాను. రెండు ఫైళ్ళు రాలేదు, రెండూ ఒకే పెళ్ళివి, తలంబ్రాల దగ్గరివి. అదృష్టవశాత్తు ఆ కెమెరా కార్డును మా తమ్ముడు ఇంకా చెరపలేదు, అందులోంచి మళ్ళీ తీసుకున్నాము. కింది డిస్కు వారంటీలో ఉంది, పంపించాను.

జల్లెడ కడిగి ఆరబెట్టి బిగించాను, ముందు ఫ్యాన్ తీగ తగిలించాను. పై డిస్కును మధ్య అరలోకి దించి, వారంటీకి పంపినదాని బదులు వేసిన కొత్త డిస్కుకూ దానికీ మధ్య ఒక అర ఖాళీ వదిలాను. తలుపు, వెనక కిటికీ తెరిచి కూలర్ నడిపితే మూడింటికి గది 35 ఉంది, పాత డిస్కు 41, కొత్తది 40. తేడా 12 నుంచి 6కు దిగింది. బయటి డిస్కును మాత్రం రబ్బరు తొడుగు తీసి నాపరాయి గచ్చు మీద పెట్టి, పెద్ద కాపీలు తెల్లవారుజామునే చేస్తున్నాను. 600 జీబీకి 47 దాటలేదు.

సర్వర్‌గది_కాజీపేట | మే 23, రాత్రి 10:45

ఆ 6 అన్న అంకెను క్యాబినెట్ మీద పెన్నుతో రాసిపెట్టుకోండి. వచ్చే పత్తి సీజనులో అది 9 అయిన రోజు జల్లెడ కడగాలి.

ఏనుమాముల_ఫొటో | జూన్ 12, రాత్రి 9:15

మృగశిర చినుకులు పడ్డాయి, గది మధ్యాహ్నం కూడా 33 దాటడం లేదు. తేడా 6లోనే ఉంది. పదకొండు పెళ్ళిళ్ళలో తొమ్మిది అప్పగించాము; మిగిలిన రెండూ ఇప్పుడు రెండేసి డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి ఇంట్లో పెట్టాను. వారంటీ డిస్కు ఇంకా రాలేదు.